మా భాయ్ ప్రెసిడెంట్ ఎన్నికలో నిలబడినప్పుడు

ఏ దేశంలోనైనా ప్రెసిడెంట్ ఎన్నిక వచ్చిందంటే చాలు, సింగపూర్‌లో మా టాంపినీస్ బ్లాకు కింద కోపీ అనే ఇక్కడి కాఫీ తాగే పెద్దమనుషుల మధ్య ఒకటే చర్చ. అటు గట్టిగా అరిచే మనిషి, ఇటు అంతకంటే గట్టిగా అరిచే మనిషి ఉన్నప్పుడు, నడుమ నెమ్మదిగా మాట్లాడే మనిషి గెలుస్తాడా అని. గెలవడని ఒకాయన తేల్చేస్తాడు. గెలిచినా నిలవడని ఇంకొకాయన. పక్క బల్ల దగ్గర కూర్చుని నేను లోలోపల నవ్వుకుంటాను. అలాంటి మనిషిని నిలబెట్టి, ప్రచారం చేసి, ఓట్లు లెక్కపెట్టేదాకా పక్కనే నిలబడిన అనుభవం వాళ్ళలో ఎవరికీ లేదు. నాకుంది. అదీ నెత్తిన జుట్టు వల, చేతులకు ప్లాస్టిక్ గ్లవ్స్ వేసుకుని.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీ ఆఫీసుల్లో ఎన్నికలు ఉంటాయో ఉండవో నాకు తెలీదు. మనుషులు మాత్రం ఇలాగే ఉంటారు.

నేను పుట్టింది మలేసియాలో. తెలుగు మా నాయనమ్మ నోట విని, ఆదివారం బడిలో దిద్ది నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి, నేను కూడా ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలకు భోజనం పంపే ఒక పెద్ద వంటశాలలో చేరాను. నా పని ట్రే లైన్‌లో. కదిలే బెల్టు మీద ట్రేలు వస్తుంటాయి. ఒకరు సలాడ్, ఒకరు బన్ను, ఒకరు చెంచాల పొట్లం పెడతారు. రిటైరయ్యేదాకా అదే లైన్. విమానం ఎక్కిన ప్రతిసారీ ట్రే తెరవగానే చెంచాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసుకోవడం ఇప్పటికీ మానలేదు.

ఆ పని నాకు నేర్పింది ఒక చైనీస్ ఆంటీ. లైన్ మొత్తానికీ ఆవిడే పెద్ద. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. మలేసియా భాష మలయూ, ఇంగ్లీషు కలిపి మేమిద్దరం మాట్లాడుకునే భాష మూడో మనిషికి సగమే అర్థమయ్యేది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆవిడ ముందుగా వెళ్ళి, తన పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నా కోసం చోప్ చేసి, అంటే చోటు పట్టి ఉంచేది. అన్నేళ్ళలో ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వలేదు.

అలాంటి ఆంటీకీ నాకూ మాటలు లేకుండా పోయిన కథ ఇది.

ఒకరోజు యాజమాన్యం కొత్త డ్యూటీ పద్ధతి ఒకటి ముందు పెట్టింది. అప్పటిదాకా వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. ఇకమీదట నాలుగు రోజులే, కానీ రోజుకు పన్నెండు గంటలు. ఉద్యోగుల సంఘం ఒప్పుకుంటే చేస్తాం, వద్దంటే మానేస్తాం అన్నారు. అంతే, వంటశాల రెండుగా చీలిపోయింది.

మలేసియా వైపున్న జోహోర్ నుంచి రోజూ వంతెన దాటి వచ్చేవాళ్ళకు ఆ మాట పండగలా వినిపించింది. వారంలో రెండు రోజులు ఆ ప్రయాణం తప్పుతుంది. చిన్నపిల్లలున్న తల్లులకు మాత్రం గుండెలో రాయి పడింది. పన్నెండు గంటలు పనిచేస్తే పిల్లల్ని చైల్డ్‌కేర్ నుంచి తెచ్చేదెవరు?

సరిగ్గా అప్పుడే సంఘం ప్రెసిడెంట్ రిటైరయ్యాడు. ఎన్నిక వచ్చింది. తల్లుల తరఫున మా ఆంటీ నిలబడింది. జోహోర్ వాళ్ళ తరఫున ఒక ట్రక్కు డ్రైవర్ నిలబడ్డాడు. మలేసియా తమిళుడు, మంచి మాటకారి. విమానాల దగ్గరకు భోజనాల బండ్లు తోలేవాడు. అందరూ తంబి అనేవాళ్ళు. ఆంటీ జోహోర్ కుర్రాళ్ళని బద్ధకస్తులంది. తంబి మా లైన్ ఆడవాళ్ళని భయస్తులన్నాడు. క్యాంటీన్‌లో బల్లలు రెండు వరసలయ్యాయి. సాంబల్ కారం గిన్నె కూడా ఒక వరస నుంచి ఇంకో వరసకు వెళ్ళడం మానేసింది.

నామినేషన్ల మీటింగులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరి మాటా ఎవరికీ వినపడడం లేదు. అప్పుడు వెనక నుంచి హలాల్ వంట విభాగం సూపర్‌వైజర్ లేచాడు. హైదరాబాదీ ముస్లిం. మా పక్క బ్లాకులోనే ఉండేవాడు, ఒకే బస్సులో పనికి వచ్చేవాళ్ళం. అందరికీ భాయ్. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంగ్లీషులో మెల్లగా, "దయచేసి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి, ఇద్దరి మాటలోనూ విషయం ఉంది" అన్నాడు.

ఎవరో గట్టిగా, మాట చివర సింగపూర్ అలవాటుగా 'లా' తగిలించి అన్నారు, "అంత తెలిస్తే నువ్వే నిలబడు లా."

అందరూ నవ్వారు. పాత ప్రెసిడెంట్ కూడా నవ్వుతూ, "ప్రతిపాదన వచ్చింది, బలపరిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక చెయ్యెత్తాను. చెయ్యి దించేలోపు మా ఇద్దరి పేర్లూ రాసేసుకున్నారు.

బస్సులో భాయ్ ముఖం చూడలేకపోయాను.

"అక్కా, నాకెందుకక్కా గీ లొల్లి," అన్నాడు. "ఇంట్ల మా ఆమెకు ఏం చెప్పాలె?"

"రేపు వెళ్ళి ఉపసంహరించుకో భాయ్. తప్పు నాదే."

బస్సు కార్డు జేబులో పెట్టుకున్నాడు. "ఒక్క ముచ్చట అక్కా. ఆ ఇద్దర్ల ఎవరు గెలిచినా సగం మంది ఏడుస్తరు గదా?"

ఉపసంహరించుకోలేదు.

మర్నాడు క్యాంటీన్‌కి వెళ్తే ఆంటీ పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ లేదు. వేరే ఎవరో కూర్చుని ఉన్నారు. ఆంటీ తల ఎత్తకుండానే అంది, "నీ ప్రెసిడెంట్ దగ్గరకు పోయి మకాన్ చెయ్యి." మకాన్ అంటే భోజనం. ఆ రోజు గోడ పక్కన నిలబడి తిన్నాను. అయినా ప్రచారం తప్పదు కదా.

మా ప్రచారం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మొదటి పోస్టరు నేనే రాశాను. "ఇద్దరిదీ న్యాయమే" అని నాలుగు భాషల్లో. గోడకు అంటించిన గంటలో తంబి మనుషులు వచ్చి, "మాది న్యాయమే అని ఒప్పుకున్నందుకు థాంక్స్ అక్కా, ఓటు మాత్రం తంబికే" అన్నారు. ఆ వెనకే ఆంటీ మనుషులు వచ్చి అచ్చంగా అదే మాట అన్నారు. భాయ్ వెళ్తున్న చోటల్లా మర్యాదకు లోటు లేదు. ఒకరు కోపీ ఇప్పించేవారు, ఒకరు కుర్చీ వేసేవారు. అతను నిజంగా మంచివాడని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఓటు సంగతి ఎత్తితే మాత్రం పైకప్పు వైపు చూసేవారు.

క్యాంటీన్‌లో టీ, కోపీ అమ్మే ముసలి అంకుల్ సరదాకి మూడు గాజు గ్లాసులు పెట్టాడు. ఎవరికి నచ్చిన గ్లాసులో వాళ్ళు టూత్‌పిక్ వేయాలి. సాయంత్రానికి ఆంటీ గ్లాసు, తంబి గ్లాసు ముళ్ళపందుల్లా నిండిపోయాయి. భాయ్ గ్లాసులో పళ్ళు కుట్టుకోవడానికి సరిపడా కూడా లేవు.

ఆ కోపీ అంకులే మాకు అసలు చిక్కు విడమరచి చెప్పాడు. మా సంఘం నిబంధన ప్రకారం గెలవాలంటే సగం కంటే ఎక్కువ ఓట్లు రావాలి. ఎవరికీ రాకపోతే ఆఖరున ఉన్నవాళ్ళని తీసేసి, మిగిలిన ఇద్దరికీ మళ్ళీ ఓటింగు.

"సెకండ్ రౌండ్‌కి వస్తే మీ భాయ్ కన్ఫర్మ్ విన్," అన్నాడు గ్లాసు తుడుస్తూ. "ఆంటీతో పోటీ అయితే తంబి వాళ్ళందరూ భాయ్‌కే వేస్తారు. తంబితో పోటీ అయితే ఆంటీ వాళ్ళందరూ భాయ్‌కే వేస్తారు. అందరికీ రెండో ఇష్టం భాయే. కానీ ఫస్ట్ రౌండ్‌లో కన్ఫర్మ్ అవుట్ లా. మొదటి ఇష్టం ఎవరికీ కాదు కదా."

మధ్యలో నిలబడే మనిషి కష్టం గురించి ఇంతకంటే తేటగా చెప్పినవాళ్ళని నేను ఇంకా చూడలేదు.

అదే రోజు మా లైన్‌లో పనిచేసే, పుంగ్గోల్ పేటలో ఉండే అమ్మాయి ఒకతె భాయ్‌ని ఆపింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. "భాయ్, మీరు మంచివాళ్ళు. కానీ మీకు ఓటేస్తే నాకేం వస్తుంది? నాలుగు రోజులా, ఆరు రోజులా?" అని అడిగింది. భాయ్ ఇద్దరిదీ న్యాయమే అని పోస్టరు మాటే చెప్పాడు. ఆ అమ్మాయి సారీ చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజు బస్సు దిగే స్టాపు వచ్చాక భాయ్ అన్నాడు, "అక్కా, ఇద్దరిదీ న్యాయమే అనుడు ఉత్త మాట. ఏం చేస్తనో చెప్పాలె. చెప్పాలంటె ముందు చూడాలె. ఆ ఇద్దరికి గూడ చూపియ్యాలె."

మర్నాడు భోజనాల వేళ రెండు వరసల మధ్యలో నిలబడి ఇద్దరినీ పిలిచాడు. ఆంటీతో అన్నాడు, "మీరు జోహోర్ వాళ్ళని బద్ధకస్తులంటున్నారు. ఒక్క ఉదయం వాళ్ళతో వంతెన దాటి రండి." తంబితో అన్నాడు, "మీరు తల్లుల్ని భయస్తులంటున్నారు. ఒక్క సాయంత్రం పుంగ్గోల్ రండి. చూశాక కూడా అదే మాట అంటే నేను పోటీ నుంచి తప్పుకుంటాను."

పోటీదారు తప్పుకుంటానంటే ఎవరు కాదంటారు? ఇద్దరూ వెంటనే సరేనన్నారు.

ముందు తంబి వంతు. మా పుంగ్గోల్ అమ్మాయి ఆ సాయంత్రం పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నట్టు లైన్‌లోనే ఉండిపోయింది. చైల్డ్‌కేర్‌కి ఫోన్ చేసి తంబి పేరు చెప్పింది. ఆమె పిల్లల్ని తెచ్చి ఇంటి దగ్గర దింపడం తంబి పని. నేనూ భాయ్ వెనక వెళ్ళాం, సాయం చెయ్యకూడదని ఒప్పందం. చిన్నదాన్ని తీసుకోవడానికి వెళ్తే టీచరు గుర్తింపు కార్డు అడిగి, మళ్ళీ తల్లికి ఫోన్ చేసి, ఎగాదిగా చూసి గానీ ఇవ్వలేదు. అప్పటికి పెద్దవాడున్న చోట ఆలస్యమైపోయింది. పాపను చంకనేసుకుని, రెండు బ్యాగులు మెడలో వేసుకుని, ఎల్ఆర్‌టీ రైలు కోసం తంబి పరుగు. విమానం కింద బండి నిలబెట్టే మనిషి, ఆ చిన్న రైలు తలుపు ముందు వగరుస్తూ నిలబడ్డాడు. పాప అతని భుజం మీద నిద్రపోయి చొక్కా అంతా చొంగ కార్చింది. పెద్దవాడు అతన్ని పైకీ కిందికీ చూసి, "అంకుల్, యూ లేట్ లా. ఐ ఆల్‌రెడీ క్రై ఫినిష్" అన్నాడు.

తంబి నవ్వలేదు. మేమిద్దరం ముఖాలు తిప్పుకుని నవ్వాం, తర్వాత మాకూ నవ్వు రాలేదు.

ఆంటీ వంతుకు ఆంటీ, భాయ్, నేను ముందురోజే జోహోర్‌లో మా తమ్ముడింటికి వెళ్ళాం. అక్కడ ఏం కావాలన్నా ఆంటీ భాయ్‌నే అడిగింది. తెల్లవారకముందే బస్సెక్కాం. చెక్‌పోస్టు దగ్గర జనం చూసి ఆంటీ మొదట లైన్ అంటే ఏమిటో వాళ్ళకు నేర్పబోయింది. "ఇటు క్యూ, అటు క్యూ" అని చేతులూపింది. జనం ఆవిడని చేతులతో సహా ఎత్తుకుని ముందుకు పోయారు. నేను ఆవిడ జుట్టు ముడిని చూస్తూ వెనక నడిచాను. ఒకచోట ముడి కూడా కనపడలేదు. అవతలి పక్క దొరికేసరికి ఆవిడ ఒక కాలికే బూటుంది. రెండోది ఎవరి కాళ్ళ కింద పోయిందో తెలీదు. పక్కనున్న ఎవరో మలయూ అమ్మాయి తన సంచీలోంచి గులాబీ రంగు రబ్బరు చెప్పులు తీసి, "తీసుకోండి ఆంటీ, నాకు రోజూ ఇదే కదా, ఎప్పుడూ ఇంకో జత పెట్టుకుంటాను" అని ఇచ్చి, తన బస్సు కోసం పరిగెత్తింది.

గులాబీ చెప్పులతో ఆంటీ వంటశాలలోకి నడిచి వస్తుంటే రెండు వరసలూ లేచి నిలబడి చూశాయి. ఆంటీ బూట్లు మార్చుకుని లైన్‌లో నిలబడి, చాలాసేపటికి నాతో అంది, "ఆ పిల్ల పేరు కూడా అడగలేదు." అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను సలాడ్ గిన్నెలు వంకరగా పెట్టేశాను. ఆవిడ తిట్టకుండా సరిచేసింది.

ఎన్నిక ముందురోజు ముగ్గురూ మాట్లాడారు. ఆంటీ ఆరు రోజుల మాట వదల్లేదు, తంబి నాలుగు రోజుల మాట వదల్లేదు. కానీ బద్ధకస్తులు, భయస్తులు అన్న మాటలు ఎవరి నోటా రాలేదు. అంటే భాయ్ తప్పుకోనక్కర్లేదు. నేను అదే చాలనుకున్నాను. భాయ్ లేచాడు.

"ఇద్దరిదీ న్యాయమే అన్నాను. అలా అనేసి ఊరుకోవడం తప్పు. నేను గెలిస్తే రెండు పద్ధతులూ అడుగుతాను. ఎవరికి ఏది కావాలో వాళ్ళు ఎంచుకోవాలి. వీలుకాదని యాజమాన్యం అంటుంది. వీలయ్యేదాకా వదలను. ఈ ఏడాది లోపల సాధించకపోతే దిగిపోతాను. అప్పుడు వీళ్ళిద్దరిలో ఒకరిని ఎన్నుకోండి."

పుంగ్గోల్ అమ్మాయి నా వైపు చూసి తలాడించింది.

ఓటింగు రోజు క్యాంటీన్‌లో పెట్టె పెట్టారు. షిఫ్టు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ వేసి వెళ్ళారు. పాత ప్రెసిడెంట్ బల్ల మీద కాగితాలు మూడు కుప్పలు చేశాడు. మొదటి కుప్ప ఆంటీది, అందరికంటే పెద్దది. కానీ సగం దాటలేదు. మిగిలిన రెండు కుప్పలూ పక్కపక్కన చూస్తే ఒకేలా ఉన్నాయి. ఆయన వేలు తడిచేసుకుని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తంబి మనుషులు అడిగితే ఇంకోసారి కూడా లెక్కపెట్టాడు.

రెండు ఓట్ల తేడాతో భాయ్ రెండో స్థానం. తంబి అవుట్.

నేను ఏం చేశానో నాకు తెలీదు. చూసినవాళ్ళు చెప్పారు. కోపీ అంకుల్‌ని కౌగిలించుకుని, ఆయన చేతిలో ఉన్న టీ మొత్తం నా యూనిఫాం మీద పోసుకుని, అలాగే చప్పట్లు కొట్టానట. జుట్టు వల ఒక చెవి నుంచి వేలాడుతోందట. అంకుల్ మాత్రం, "చెప్పానుగా" అన్నట్టు గ్లాసు తుడుచుకున్నాడు.

రెండో రౌండులో ట్రక్కు కుర్రాళ్ళు గుంపుగా వచ్చి వేశారు. ఆంటీ వైపు నుంచి కూడా కొందరు తల వంచుకుని వచ్చి వేసిపోయారు. భాయ్ చాలా తేలిగ్గా గెలిచాడు. అందరూ భుజాలు తడుతుంటే అతను మెల్లగా నా పక్కకు వచ్చి, "అక్కా, గిప్పుడేం చేయాలె?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోపు ఆంటీ వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. తిడుతుందనుకున్నాను.

"యాజమాన్యంతో మీటింగు ఎప్పుడు?"

"వచ్చే వారం," అన్నాడు భాయ్.

"నేనూ వస్తాను. నువ్వు ప్లీజ్, థాంక్యూ అంటూ కూర్చుంటావు. పని అవ్వదు." వెనక్కి తిరిగి, "తంబీ, నువ్వూ రావాలి," అని కేకేసింది.

ముగ్గురూ కలిసే వెళ్ళేవారు. ఆంటీ బల్ల గుద్దేది. తంబి చేతులు కట్టుకుని కిటికీ వైపు చూస్తూ, బండ్లు ఎన్ని ఆగిపోతాయో అన్నట్టు కూర్చునేవాడు. వాళ్ళిద్దరి నడుమ భాయ్ మెల్లగా మాట్లాడుతుంటే యాజమాన్యానికి అతన్ని చూస్తే ప్రాణం లేచొచ్చేది. ఏడాది తిరిగేలోపు ట్రే లైన్‌కీ, ట్రక్కులకీ ఎంచుకునే వీలు వచ్చింది. ఒక్క వేడి వంట విభాగాలకు మాత్రం కుదరదన్నారు. అంటే భాయ్ సొంత విభాగానికే. అతని వంటవాళ్ళు కొన్ని వారాలు అతనితో సరిగ్గా మాట్లాడలేదు. బిర్యానీలో అడుగంటిన ముక్క ఏరి మరీ అతని ప్లేటులో వేసేవాళ్ళని తనే చెప్పి నవ్వేవాడు. మరుసటి ఏడాది మళ్ళీ అడిగి వాళ్ళకీ సాధించాడు.

ఒప్పందం మీద సంతకాలైన ఆదివారం టాంపినీస్ హాకర్ సెంటర్లో నలుగురం మకాన్‌కి కలిశాం. భాయ్ కోసం హలాల్ స్టాల్ దగ్గర బల్ల పట్టాం. సాటే మాంసం తిన్న పుల్లలు పోగు పడుతున్నాయి. తంబి ఉన్నట్టుండి అన్నాడు.

"ఒక మాట చెప్తాను, నవ్వకూడదు. మొదటి రౌండులో నేను ఎలాగూ గెలుస్తాననుకున్నాను. పుంగ్గోల్ సంగతి మనసులో ఉంది. భాయ్‌కి మరీ తక్కువొస్తే బాధపడతాడని నా ఓటు భాయ్‌కే వేశాను."

నాకు లెక్క అర్థం కావడానికి కాసేపు పట్టింది. అతని ఓటు అతనే వేసుకుని ఉంటే ఇద్దరూ సమానం అయ్యేవాళ్ళు.

ఆంటీ సాటే పుల్ల కింద పెట్టింది. "నేను కూడా," అంది.

"మీరు కూడా ఏంటి ఆంటీ?"

"నాకు చాలా ఓట్లున్నాయి కదా. ఒకటి ఇస్తే ఏం పోతుంది అనుకున్నాను. ఆ చెప్పుల అమ్మాయి గుర్తొచ్చింది. భాయ్‌కి వేశాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు మొదలుపెట్టారో తెలీదు. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వారు. ఆంటీ కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. తంబి బల్ల మీద తల పెట్టేశాడు. ఓడిపోయినవాళ్ళిద్దరూ కలిసి గెలిపించిన ప్రెసిడెంట్ మాత్రం తలవంచుకుని చెరుకు రసం తాగుతున్నాడు. అతను నవ్వకపోవడం నాకు వింతగా అనిపించింది.

"భాయ్," అన్నాను, "నువ్వు ఎవరికి వేశావు?"

గొట్టం తీసి పక్కన పెట్టాడు.

"నాకు నేను ఏసుకునుడు మంచిగుండదనిపించింది అక్కా."

"ఎవరికి వేశావు?"

"మొదటిసారి తంబికి." గొట్టం మళ్ళీ గ్లాసులో వేశాడు. "రెండోసారి ఆంటీకి. ఇద్దరికీ సమానంగ ఉండాలె గదా."

అతని కోసం గోడలన్నిటి మీదా నాలుగు భాషల్లో పోస్టర్లు అంటించిన చేతులు నావి. ఆ చేతుల్లోనే అప్పుడు వేరుశెనగ పచ్చడి గిన్నె ఉంది. దాన్ని అతని నెత్తిన బోర్లించకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టగలగడం, నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను చేసిన అతి కష్టమైన పని.